మేం క్లిప్ కట్ చేశామంతే అక్కా, రాయి మేం వెయ్యలేదు

ఈ వారం వచ్చిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి ఇస్తున్నా:

"అక్కా, పేరు వెయ్యొద్దు ప్లీజ్. నాకు 24 ఏళ్ళు. మా పార్టీకి సోషల్ మీడియా పని చేస్తా, జీతం లేదు, అభిమానంతోనే. ఎన్నికలకి మూడు వారాల ముందు అవతలి పార్టీ క్యాండిడేట్ ఒక మీటింగులో 'ముసలాళ్ళ పెన్షన్ దండగ, ఆపెయ్యాలి అని కొందరు అంటున్నారు, నేనుండగా అది జరగనివ్వను' అంది. నేను 'ముసలాళ్ళ పెన్షన్ దండగ, ఆపెయ్యాలి' వరకే ఉంచి మిగతాది కోసేశా. మొత్తం 6 సెకన్లు. పైన ఎర్ర అక్షరాలు పెట్టి గ్రూపుల్లోకి వదిలాం, రాత్రికి రాత్రి ఎక్కడెక్కడికో పోయింది. మా నానమ్మకి కూడా ఎవరో చూపించారు. ఆవిడకి పెన్షనే ఆధారం. నా ఫోన్ అడిగి మరీ మూడుసార్లు చూసి 'దీని నోరు పడిపోను' అని ఏడ్చింది. నేను పక్కనే ఉన్నా, అది నేను చేసిందేనని చెప్పలేకపోయా. వారం తర్వాత ఇద్దరు కుర్రాళ్ళు రాత్రిపూట ఆ క్యాండిడేట్ ఇంటిమీద రాళ్ళేశారు. కిటికీ అద్దం పగిలి వాళ్ళబ్బాయికి కనుబొమ్మ మీద ఆరు కుట్లు పడ్డాయి, టెన్త్ చదువుతున్నాడట. పట్టుబడ్డవాళ్ళలో ఒకడు మా గ్రూపువాడే. మా ఇన్‌ఛార్జ్ 'మనం రాయి వెయ్యమన్నామా? ఎన్నికలన్నాక ఇవన్నీ మామూలే, వాళ్ళు మన లీడర్ మీద ఎన్ని వెయ్యలేదు' అంటున్నాడు. అదీ నిజమే అక్కా, వాళ్ళూ చేశారు. కానీ నాకు నిద్ర పట్టట్లేదు. తప్పు నాదేనా? ఇప్పుడేం చెయ్యాలి?"

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పక్కన పెట్టా. వెంటనే రాస్తే నిన్ను తిట్టడమో ఓదార్చడమో చేసి ఊరుకుంటానేమో అనిపించింది, నీకు ఆ రెండూ పనికిరావు. తప్పు నాదేనా అని అడిగావు. నీది కూడా. రాయి వేసిన చెయ్యి వాడిది, దానికి శిక్ష వాడే అనుభవించాలి, అందులో నీకు వాటా లేదు. కానీ ఆ రాయి ఎందుకు వెయ్యాలి అన్న కారణం వాడి బుర్రలోకి ఎక్కడినుంచి వచ్చింది? నీ చేతిలోంచే వెళ్ళింది.

నేను చదువుతూ చదువుతూ ఆగిపోయింది రాయి గురించి రాసిన దగ్గర కాదు, నానమ్మ గురించి రాసిన దగ్గర. ఆవిడ మూడుసార్లు చూసిందన్నావు చూడు, సరిగ్గా విన్నానా లేదా, నిజంగానే అందా అని మళ్ళీ మళ్ళీ చూసిందన్నమాట, అంటే ఆ క్యాండిడేట్‌కి నువ్వు ఇవ్వని అవకాశం ఆవిడ ఇచ్చింది, పాపం ఎన్నిసార్లు చూసినా అక్కడ ఉన్నది నువ్వు ఉంచిన ముక్కే కదా, ఇంకేం కనపడుతుంది. మీరు క్లిప్ వదిలేటప్పుడు అది అబద్ధమని మీ గ్రూపు అడ్మిన్లందరికీ తెలుసు. మీకు అదొక పోటీ, ఎన్ని వ్యూస్ వచ్చాయి, ఎన్ని షేర్లు అయ్యాయి అని లెక్కేసుకునే పని. కానీ అందుకున్నవాళ్ళకి అది పోటీ అని ఎవరు చెప్పారు? అబద్ధం తయారుచేసినవాడు దాన్ని నమ్మడు, చివర అందుకున్నవాడు నమ్ముతాడు, ప్రమాదమంతా ఆ తేడాలోనే ఉంది తమ్ముడూ. నువ్వు నాలుగు ఓట్లు తగ్గితే చాలనుకున్నావు. ఆ రాయి వేసినవాడికి మాత్రం ముసలాళ్ళ నోటిదగ్గర కూడు లాగేసే మనిషి కనపడింది. అలాంటి మనిషి నిజంగా ఉంటే కోపం రావడం సహజమే కదా, కాబట్టి వాడి మనసులో వాడు రౌడీపని చెయ్యట్లేదు, న్యాయం చేస్తున్నాడు. నానమ్మ ఏడ్చింది, వాడు రాయి తీశాడు. ఇద్దరూ నమ్మింది ఒకటే.

ఎన్నికలన్నాక మామూలే అన్నాడు కదా మీ ఇన్‌ఛార్జ్, ఆయనకి ఒక సంగతి చెప్పు. జర్మనీలో వాల్టర్ ల్యూబ్కె అని ఒకాయన ఉండేవాడు, కాసెల్ ప్రాంతానికి పాలనాధికారి, అప్పటి ఛాన్సలర్ మెర్కెల్ పార్టీ మనిషి. 2015 అక్టోబర్లో ఒక సభలో శరణార్థులకి వసతి పెట్టడం గురించి జనానికి వివరిస్తుంటే కొందరు మధ్యమధ్యలో అరుస్తూ అడ్డం తగులుతున్నారు. వాళ్ళని ఉద్దేశించి ఆయన, మనం కొన్ని విలువల కోసం నిలబడాలి, అవి నచ్చనివాళ్ళు ఎప్పుడైనా ఈ దేశం వదిలి వెళ్ళొచ్చు, ఆ స్వేచ్ఛ అందరికీ ఉంది అనే అర్థంలో ఒక మాట అన్నాడు. ఆ ముక్క ఒక్కటే వీడియోగా నెట్లోకి వెళ్ళింది. ముందు ఎవరు అరిచారు, దేనికి జవాబుగా ఆ మాట వచ్చింది, అవేమీ అందులో లేవు. సొంత జనాన్ని దేశం విడిచి పొమ్మన్న ద్రోహి అని ముద్ర పడింది, చంపేస్తామని బెదిరింపులు వచ్చాయి, తర్వాత చల్లారినట్టే అనిపించింది. 2019 మొదట్లో ఆ పాత క్లిప్‌నే ఎవరో మళ్ళీ తవ్వి తీశారు, మళ్ళీ అవే తిట్లు. ఆ జూన్ మొదట్లో ఒక రాత్రి ఆయన తన ఇంటి వరండాలో ఉండగా ఒకడు వచ్చి తలమీద కాల్చి చంపాడు. ఆ కాల్చినవాడు మూడున్నరేళ్ళ కిందట ఆ సభకి వెళ్ళినవాడే, ఆ వీడియో తీసి పెట్టినతని స్నేహితుడే. తీవ్రవాద భావాలు ముందునుంచే ఉన్నవాడు, ఒక్క క్లిప్పే వాణ్ణి హంతకుణ్ణి చేసిందని నేననను. కానీ ఎన్నో వేలమంది నోటివెంట అదే ద్వేషం వింటూ ఉంటే అలాంటివాడికి తను ఒంటరివాణ్ణి కాదని, అందరి తరఫునా చేస్తున్నానని అనిపిస్తుంది. 2021 జనవరిలో వాడికి యావజ్జీవం పడింది. ఆయన చనిపోయాక సంబరపడుతూ పోస్టులు పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పేస్తుంది.

నేనిదంతా ఎందుకు చెప్తున్నానంటే, నీ క్లిప్‌తో నీకు పని అయిపోయింది, ఎన్నికలు అయిపోయాయి. క్లిప్ పని అవ్వలేదు. అది ఎవరెవరి ఫోన్లలోనో ఉంది, రేపు ఎవడో ఒకడు ఇంకో కారణానికి బయటికి తీస్తాడు, ఆ రోజు దాన్ని ఆపడానికి నువ్వు అక్కడ ఉండవు.

ఇంకో సంగతి, ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ నేను మర్చిపోలేను. 2020 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో జార్జియా రాష్ట్రంలో ఓట్లు లెక్కపెట్టే డ్యూటీలో ఒక తల్లీకూతుళ్ళు ఉన్నారు. వాళ్ళు నాయకులు కాదు, ఎవరికీ ప్రత్యర్థులు కాదు, లెక్కపెట్టే పనికి వచ్చిన మామూలు మనుషులు. లెక్కింపు హాల్లోని కెమెరా ఫుటేజీలోంచి కొంత ముక్క తీసి సూట్‌కేసుల్లో దొంగ ఓట్లు తెచ్చారని ప్రచారం చేశారు, ఓడిపోయిన అధ్యక్షుడి లాయర్ రూడీ జులియానీ అయితే ఆ ఇద్దరూ యూఎస్‌బీ డ్రైవ్‌లు చేతులు మార్చుకున్నారని బహిరంగంగా చెప్పాడు. ఆ తల్లి కూతురికిచ్చింది అల్లం బిళ్ళ. చప్పరించే అల్లం బిళ్ళ, అంతే. దానికి ఇంటిముందుకి జనం వచ్చారు, ఫోన్లో చంపేస్తామన్నారు, ఆ తల్లి కొన్ని వారాలు సొంతిల్లు వదిలి వేరేచోట తలదాచుకోవాల్సి వచ్చింది. వాళ్ళు కోర్టుకి వెళ్తే 2023 డిసెంబర్లో జ్యూరీ జులియానీ 14.8 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది. తన పేరు బయట చెప్పుకోవాలంటేనే భయం పట్టుకుందని ఆ తల్లే అంతకుముందు 2022లో ఇచ్చిన వాంగ్మూలంలో చెప్పింది. బురద ఎవరిమీదకి గురిచూసి జల్లామో వాళ్ళమీదే పడుతుందని గ్యారంటీ లేదు, ఓట్లు లెక్కపెట్టేవాళ్ళమీద పడుతుంది, టెన్త్ చదివే పిల్లాడి కనుబొమ్మ మీద పడుతుంది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తా, నీకు పైనుంచి నీతులు చెప్తున్నాననుకోకుండా. నేను చాలా ఏళ్ళ కిందట ఒక పత్రికలో డెస్క్ మీద పనిచేసేదాన్ని. ఒక రాత్రి ఒక చిన్నస్థాయి ప్రజాప్రతినిధి మీద వార్త వచ్చింది, సహాయ నిధి డబ్బులు పక్కదారి పట్టాయని ఆయన ప్రత్యర్థి ఆరోపణ, కాగితం ముక్క ఆధారం లేదు. వెయ్యకూడదని నాకు తెలుసు, పేజీ నింపాలి, టైం లేదు. అప్పుడు హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం పెట్టేశా. "నిధులు మింగేశారా?" అని. మేం అనలేదు కదా, అడిగాం అంతే, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. తర్వాత విచారణలో ఏమీ లేదని తేలింది, మేం లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌లో నాలుగు లైన్ల సవరణ వేశాం. కొన్నాళ్ళకి ఆయన ఆఫీసుకి వచ్చారు, నన్ను వెతుక్కుంటూ కాదు, ఆ హెడ్డింగ్ ఎవరు పెట్టారో ఆయనకి తెలియదు, సవరణ వేసిన పేపర్ కాపీలు ఇంకో నాలుగు కావాలట. ఎందుకండీ అని అడిగితే మా అమ్మాయి సంబంధం వాళ్ళకి చూపించాలి, వాళ్ళు పాతది చూశారు, ఇది చూడలేదు అన్నారు. నేను పాత కట్టల్లో వెతికి ఇచ్చా. చేతులు జోడించి థాంక్స్ చెప్పి వెళ్ళారు. ఆ హెడ్డింగ్ పెట్టింది నేనేనని చెప్పలేదు, నువ్వు నానమ్మ దగ్గర నోరు విప్పలేకపోయినట్టే. అందుకే నీ ఉత్తరం నన్ను అంతలా పట్టుకుంది.

తర్వాత చదివితే తెలిసింది, డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్ళు 1981లోనే దీనిమీద ప్రయోగాలు చేశారు. కల్పిత అభ్యర్థుల గురించి హెడ్డింగులు చూపించి చదివినవాళ్ళకి ఆ మనిషి మీద ఏ అభిప్రాయం కలిగిందో అడిగితే, తప్పు చేశాడు అని చెప్పిన హెడ్డింగుకీ, చేశాడా అని ప్రశ్న వేసిన హెడ్డింగుకీ పెద్ద తేడానే లేదు, రెండూ దాదాపు ఒకేలా దెబ్బతీశాయి. ఆఖరికి అతనికి సంబంధం లేదు అని ఖండించిన హెడ్డింగు కూడా ఎంతోకొంత మచ్చ మిగిల్చింది. పేరూ నిందా పక్కపక్కన ఉంటే చాలు, మధ్యలో ఉన్న ప్రశ్నార్థకాన్ని జనం గుర్తుపెట్టుకోరు.

దీనికి తోడు మనకి నిప్పు లేనిదే పొగ రాదు అని ఒక సామెత ఉంది. వంటింట్లో పొయ్యి విషయంలో అది నిజమే కావొచ్చు, రాజకీయాల్లో మాత్రం పొగ పెట్టేవాళ్ళు వేరే ఉంటారు, అది వాళ్ళ పని. 1936లో ఫ్రాన్స్‌లో రోజే సలాంగ్రో అని హోంమంత్రి ఉండేవాడు, లీల్ నగరానికి మేయర్ కూడా. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యం నుంచి పారిపోయి శత్రువు పక్షంలోకి వెళ్ళాడని ప్రత్యర్థుల పత్రికలు మొదలుపెట్టాయి, అందులో ఒకటి లక్షల కాపీలు అమ్ముడయ్యే వారపత్రిక, వారం వారం అదే పాట. అసలు జరిగిందేంటంటే 1915లో చనిపోయిన తోటి సైనికుడి శవాన్ని వెనక్కి తేవడానికి అనుమతి తీసుకుని ముందుకి వెళ్ళి జర్మన్లకి చిక్కాడు. అప్పుడే సైనిక కోర్టు విచారించి నిర్దోషి అని చెప్పింది. 1936లో మళ్ళీ సైన్యాధిపతి గమ్లాఁ ఆధ్వర్యంలో పాత ఫైళ్ళన్నీ తిరగేసి అదే తేల్చారు, నవంబర్ 13న పార్లమెంటు భారీ మెజారిటీతో ఆయన పక్షాన నిలిచింది. ఇంతకంటే ఏం కావాలి చెప్పు, కోర్టు చెప్పింది, సైన్యం చెప్పింది, పార్లమెంటు చెప్పింది. నాలుగు రోజులు తిరిగేసరికి ఆయన ప్రాణం తీసుకున్నాడు. అంతకుముందు ఏడాదే భార్య చనిపోయింది, ఇంట్లో ఒక్కడే. ఆ తర్వాత పత్రికల్లో అబద్ధపు నిందలమీద గట్టి చట్టం తెద్దామని ప్రయత్నించారు, సెనేట్‌లో ఆగిపోయింది.

నిర్దోషి అని రుజువైతే చాలుగా, నిజం గెలుస్తుందిగా అని మీ గ్రూపులో ఎవరైనా అంటే ఆయన్ని గుర్తుచెయ్యి. నిందకి కాళ్ళున్నంత రుజువుకి లేవు. 2018లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది, 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్లో తిరిగిన సుమారు 1,26,000 వార్తల్ని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్ళు పరిశీలిస్తే అబద్ధాలు రీట్వీట్ అయ్యే అవకాశం నిజాలకంటే 70 శాతం ఎక్కువని తేలింది, అందులోనూ రాజకీయ అబద్ధాలది మరీ స్పీడు, 1,500 మందికి చేరడానికి నిజానికి అబద్ధం కంటే ఆరు రెట్లు టైం పట్టింది. అందులో నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం, దీనికి కారణం మెషీన్లు నడిపే దొంగ అకౌంట్లు కాదట, మనుషులే. నీలాంటి, నాలాంటి, మీ నానమ్మకి ఆ క్లిప్ చూపించినవాళ్ళలాంటి మనుషులే.

ఇక మాటల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే క్లిప్ కంటే కూడా పైన పెట్టిన ఎర్ర అక్షరాలు నన్ను భయపెట్టాయి. వాటిలో ఏం రాశావో ఉత్తరంలో చెప్పలేదు, నేను ఊహించగలను, దొంగ, ద్రోహి, రాక్షసి ఇలాంటివేవో. తప్పుడు పని చేశావు అనడం వేరు, నువ్వు మనిషివే కాదు అనడం వేరు. 1995లో ఇజ్రాయెల్ ప్రధాని యిట్జాక్ రబీన్ పాలస్తీనా వాళ్ళతో శాంతి ఒప్పందం చేసుకున్నందుకు ఆయన్ని వ్యతిరేకించేవాళ్ళ ఊరేగింపుల్లో ద్రోహి అని అరిచారు, ఆయన మొహాన్ని నాజీ యూనిఫాంకి అతికించిన బొమ్మలు పట్టుకున్నారు, నాజీల చేతుల్లో లక్షలమంది చచ్చిపోయిన జాతి మనిషికి ఆ బట్టలు తొడిగారు. ఒప్పందం నచ్చకపోవడంలో తప్పు లేదు, చాలామందికి నిజంగానే భయాలున్నాయి. కానీ నవంబర్ 4న టెల్‌అవీవ్‌లో శాంతి సభనుంచి దిగివస్తున్న ఆయన్ని కాల్చింది ఒక లా స్టూడెంట్, 25 ఏళ్ళవాడు, దాదాపు నీ వయసే, తను హత్య చేస్తున్నానని అనుకోలేదు వాడు, జాతిని కాపాడుతున్నానని అనుకున్నాడు. ఆఫ్రికాలోని రువాండాలో 1993లో మొదలైన ఒక రేడియో అక్కడ తక్కువ సంఖ్యలో ఉన్న టుట్సీ తెగవాళ్ళని బొద్దింకలు అనడం, వాళ్ళతో సర్దుకుపోదామనే హుటూ తెగ (అక్కడ ఎక్కువమంది వాళ్ళే) నాయకుల్ని శత్రువులతో కుమ్మక్కయినవాళ్ళు అనడం రోజూ చేసింది. అప్పటి ప్రధానమంత్రి అగాథే ఉవిలింగియిమానా స్వయంగా హుటూ, అయినా ద్రోహి ముద్ర పడింది, 1994 ఏప్రిల్ 7న, మారణకాండ మొదలైన మొదటి రోజునే చంపేశారు. ఆ తర్వాత వంద రోజుల్లో లక్షల మంది. ఆ రేడియో పెట్టినవాళ్ళలో ఇద్దర్ని 2003లో అంతర్జాతీయ ట్రైబ్యునల్ దోషులుగా తేల్చింది, కత్తి పట్టినందుకు కాదు. మీ ఎన్నికల్ని రువాండాతో పోల్చట్లేదు నేను, అక్కడ ఇంకా చాలా కారణాలున్నాయి. కానీ ఎక్కడైనా దారి మొదలయ్యేది ఇక్కడే, అవతలివాడు ప్రత్యర్థి కాదు పురుగు అనుకోవడం దగ్గర.

వాళ్ళూ చేశారుగా అంటావు. చేశారు, నేను కాదనట్లేదు, మీ లీడర్ మీద ఏం వేశారో నాకు తెలియదు, అబద్ధమైతే అదీ ఇంతే తప్పు, వాళ్ళ పిల్లాడెవడైనా నాకు ఉత్తరం రాస్తే ఇదే జవాబు రాస్తా. కానీ ఒక్కటి ఆలోచించు. ఇద్దరూ రోజూ అబద్ధాలు వదులుతుంటే జనం ఏం చేస్తారు? కొన్నాళ్ళకి ఎవర్నీ నమ్మరు. నాన్నా పులి కథే. రేపు ఆ క్యాండిడేట్ నిజంగానే తప్పు చేసి, నిజమైన కాగితాలు నీ చేతికి దొరికాయనుకో, నువ్వు పెడితే ఎవరు నమ్ముతారు? ఆరు సెకన్ల కుర్రాడివి నువ్వు. నిజంగా తినేసేవాళ్ళకి ఇంతకంటే వరం లేదు, అంతా బురదే కదా అని వాళ్ళమీద వచ్చిన నిజం కూడా అందులో కలిపేస్తారు. ఇంకోటి, కాస్త పరువూ కుటుంబం ఉన్నవాళ్ళు ఇది చూసి మనకెందుకులే అని రాజకీయాల గడప తొక్కరు, ముఖ్యంగా ఆడవాళ్ళు. కుట్లు పడ్డ కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ మళ్ళీ పోటీ చేస్తుందా? చేస్తే నేను దండం పెడతా.

అలాగని నోరు మూసుకోమనట్లేదు. ప్రత్యర్థిని ఉతికి ఆరేసే హక్కు నీకుంది, అది లేకపోతే ఎన్నికలే దండగ. ఆవిడ పదవిలో ఉండగా ఏ తీర్మానానికి ఎటు ఓటేసింది, ఏ హామీ ఇచ్చి ఎగ్గొట్టింది, ఏ కాంట్రాక్టు ఎవరికి పోయింది, కాగితం పెట్టి అడుగు, గట్టిగా అడుగు, వెటకారంగానైనా అడుగు. పోస్ట్ నొక్కేముందు నిన్ను నువ్వు ఒక్క మాట అడుగు, ఇది ఆవిడ ఎదురుగా నిలబడి, నా పేరు చెప్పి, ముందూ వెనకా కోయకుండా అనగలనా అని. అనగలిగితే అది విమర్శ. దాక్కుని అనాల్సి వస్తే అది అభాండం. ఆవిడ పిల్లలు, పెళ్ళి, శీలం, కులం, వీటితో పెన్షన్‌కి ఏం సంబంధం? వాటి జోలికే పోకు.

సరే, ఇప్పుడేం చెయ్యాలి అన్నావు. ముందు ఒక లాయర్‌ని కలువు, ఎందుకంటే ఇప్పుడు నేను చెప్పబోయే పని చేస్తే నీమీద కేసు రావచ్చు, అది దాచి నీకు సలహా ఇవ్వడం మోసం. ఆయన దగ్గర ఏమీ దాచకు. పాత మెసేజ్‌లు, ఒరిజినల్ వీడియో, ఎవరు ఎప్పుడు ఏం చెయ్యమన్నారో ఏదీ డిలీట్ చెయ్యకు, భయంతో అందరూ మొదట చేసే తప్పు అదే.

తర్వాత ఆ ఫుల్ వీడియో నీ సొంత అకౌంట్లోంచి, నీ పేరుతో, ఆ క్లిప్ వేసిన ప్రతి గ్రూపులో పెట్టు. ఎలా రాస్తావన్నది ముఖ్యం. "ఆవిడ పెన్షన్ ఆపాలని అనలేదు" అని మొదలుపెట్టకు, అలా రాస్తే చదివేవాడి కంటికి మళ్ళీ "పెన్షన్ ఆపాలి" అన్న ముక్కే ముందు తగులుతుంది, వెగ్నర్ వాళ్ళ ప్రయోగం చెప్పింది అదే. "పెన్షన్ ఆపనివ్వను అని ఆవిడ చెప్పింది, మొత్తం ఇక్కడ చూడండి" అని మొదలుపెట్టు. రెండో లైన్లో "మధ్యలో కోసి తిప్పింది నేనే, తప్పు చేశాను" అని రాయి. పాత క్లిప్ పక్కన పెట్టి పోల్చకు, దాన్ని మళ్ళీ నువ్వే తిప్పినట్టవుతుంది. ఒక్కసారి పెట్టి చేతులు దులుపుకోకు. విన్నకొద్దీ మాట నిజమనిపిస్తుందని 1977లోనే సైకాలజిస్టులు చూపించారు, అబద్ధానికి పనికొచ్చిన ఆ గుణాన్నే నిజానికీ వాడు, నాలుగైదుసార్లు పెట్టు, వేరే వేరే టైముల్లో. గ్రూపులోంచి తీసేస్తారు, మీ ఇన్‌ఛార్జ్ అమ్ముడుపోయావంటాడు, నీ ఫ్రెండ్స్ కొందరు మాట్లాడరు. అది జరుగుతుంది, జరగదని చెప్పి నిన్ను పంపను.

ఆవిడకి ఒక ఉత్తరం రాయి, చేత్తో. పెద్దది వద్దు. ఏం చేశానో, ఏం సరిచేశానో, బాబు దెబ్బ గురించి తెలిసి ఎలా ఉందో, అంతే. క్షమించమని అడగకు, క్షమించాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం, అది కూడా ఆవిడ నెత్తిన పెట్టకు. ఇంటికి వెళ్ళకు, రాళ్ళు పడ్డ ఇంటి తలుపు తెలియనివాడు కొడితే వాళ్ళకెలా ఉంటుందో ఆలోచించు. లాయర్‌తోనో, ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషితోనో పంపించు.

ఆ రాయి వేసిన మీ గ్రూపు కుర్రాడు ఉన్నాడే, వాడి గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. మీ పార్టీ వాణ్ణి మావాడు కాదు అనేసి ఉంటుంది. వాడికి అసలు నిజం తెలుసా? ఆ క్లిప్ కోసిందని ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే వాడు ఇప్పటికీ తను ముసలాళ్ళ కోసం నిలబడ్డాననుకుంటూ కేసుల చుట్టూ తిరుగుతుంటాడు, ఆ కోపం ఇంకా పెరుగుతుంది, ఇంకోసారి ఇంకో ఇంటికి వెళ్తాడు. లాయర్ సరేనంటే నువ్వే కలిసి చెప్పు. వాడు నిన్ను కొట్టినా కొట్టొచ్చు. అయినా వాడికి ఆ నిజం బాకీ ఉన్నావు.

వీటన్నిటికంటే ముందు, ఇవాళ రాత్రే చెయ్యగలిగింది ఒకటుంది, దానికి లాయర్ అక్కర్లేదు. నానమ్మ పక్కన కూర్చుని ఆ ఫుల్ వీడియో చూపించు. సౌండ్ పెంచి, ఆవిడ మళ్ళీ పెట్టమంటే మళ్ళీ పెట్టి, మూడుసార్లు చూసినా నాలుగుసార్లు చూసినా ఓపిగ్గా ఉండు. పెన్షన్ ఎక్కడికీ పోదని చెప్పు, ఆ భయంతో ఆవిడ ఎన్ని రాత్రులు పడుకోలేదో నీకు తెలియదు. తర్వాత కోసింది నేనే నానమ్మా అని చెప్పు. ఆవిడ ఏమందో నాకు రాయి, పేరు వెయ్యను.